తెనుఁగునఁ గార్శ్యవాచకములు

మనుష్యదేహము కృశించుటను దెలుపు పదములు తెనుఁగునఁ బెక్కు గలవు. నిఘంటువులఁ జూచువారి కివి యేకార్థకములుగాఁ దోఁచును. వ్యవహారమున నట్లు గావు. సన్నము, పలుచన యనునవి దేహము తీరును మాత్రమే చెప్పును. బక్క యను పదమున బలహీనతయు ధ్వనించును. చిక్కు, వడలు, ఎండు, కృశించు అను క్రియలు మునుపున్న దేహపుష్టి పోయినదని తెలుపును. కావుననే రోగశంక యీ క్రియలను వెన్నంటి యుండును.

మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లి బొగ్గుగనుల సీమ పలుకుబడి యీ భేదమునకుఁ జక్కని యుదాహరణము. అచట నొకనిఁగూర్చి "బక్కగున్నడు" అన్నచో వాని దేహతత్త్వ మట్టిదని యర్థము. వినువాఁడు కలఁతపడఁడు. "బక్కగయిండు" అన్నచో "ఏమైంది?" అను ప్రశ్న వెంటనే పుట్టును. పదమొకటియే, వెంటనున్న క్రియ మాఱినంతనే యర్థము మాఱినది. గనిలో బరువుపని చేయువానిపట్ల నీ రెండవ మాట యింటివారికిఁ దొలి హెచ్చరిక. "మొగం పీక్కపోయింది" అనునది యంతకంటెఁ దీవ్రము. "చిక్కి శల్యమగుట" తుదిమెట్టు.

సంస్కృతపదములయం దింకొక చిక్కు గలదు. కావ్యములలోఁ గృశాంగి, తన్వి యనునవి ప్రశంసలు. చరకసంహిత సూత్రస్థానమునందలి యష్టౌనిందితీయాధ్యాయమున నతికృశుఁడు, అతిస్థూలునివలెనే, యెనమండుగురు నిందితులలో నొకఁడుగా నెంచఁబడెను. సిరలు పైకిఁ దేలి, చర్మాస్థులు మాత్రము మిగిలియుండుట వాని లక్షణము. రాజయక్ష్మకుఁ బర్యాయములైన శోష, క్షయ పదములకు ఎండుట, తఱుగుట యని క్రమముగా నర్థములు. పోషణలేక శుష్కించిన శిశువుల వ్యాధికిఁ బాశ్చాత్యవైద్యులు పెట్టిన మరాస్మస్ అను పేరునకు మూలమైన గ్రీకుపదమునకును వాడుట యనియే యర్థము. నీరు చాలని మొక్కయే యీ భాష లన్నిటి కుపమానమైనది.

1832-33 సంవత్సరముల గుంటూరు సీమ క్షామమునకు, నందన సంవత్సరమునఁ గలిగినందున నందన కరవనియు, మఱియు డొక్కల కరవనియుఁ బేళ్లు గలవు. మొదటిది కాలమును జెప్పును. రెండవది యాఁకటి దేహమును జూపును. నాఁడు గుంటూరు సీమలోఁ గొలువుచేసిన సి. పి. బ్రౌను దీనిని క్షామమనియే వ్రాయఁగా, మదరాసు ప్రభుత్వాధికారుల కది రుచింపలేదు. కొఱఁత యను మాటయే వారి కిష్టము.

కాన టీక చెప్పునపుడు పండితులు కృశాంగిని బక్కదానినిగాఁ జేయరాదు. అట్లే, చిక్కిపోయిన బాలుని సన్ననివాఁడనియు ననరాదు. మొదటి పొరపాటునఁ గావ్యశోభ చెడును. రెండవదాన నొక బిడ్డ యాఁకలి మఱుఁగుపడును.