జాబితాలో పేరు ఎక్కడ పోయింది? కంప్యూటర్ పోగుల చిక్కు విప్పిన తీరు



బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్ కోసం ఈసారి బడిలో తయారు చేసిన పేర్ల జాబితాలో ఎనిమిదో తరగతి అమ్మాయి పేరు ఒకటి కనబడలేదు. వాళ్ల అమ్మ చాట పక్కన పెట్టి, కార్డు పట్టుకుని ఆఫీసు దాకా వచ్చింది. చూస్తే టీచర్ ఎక్కించిన ఫైల్లో ఆ పేరు ఉంది, కలిపిన జాబితాలో లేదు. ప్రోగ్రామ్ మళ్లీ నడిపితే పేరు వచ్చేసింది! ఇట్లా వస్తూ పోతూ ఉండే తప్పే అన్నిటికన్నా చెడ్డది. రెండోసారి బాగానే వచ్చింది కదా అని వదిలేస్తాం.

ఆ ప్రోగ్రామ్ రాసింది మన బడి పాత విద్యార్థి, ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కబురు చేస్తే ఆదివారం లాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. నేను లెక్కల మాస్టర్ని, ప్రోగ్రామర్ని కాను. పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నది మన పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నా.

రెండు గదుల్లో ఇద్దరు టీచర్లు పేర్లు ఎక్కించారు, రెండు ఫైళ్లు అయ్యాయి. రెంటినీ ఒకేసారి చదివి ఒక జాబితాలో పెట్టడానికి ప్రోగ్రామ్‌లో రెండు థ్రెడ్లు పెట్టాడు. థ్రెడ్ అంటే పోగే, మనకు కొత్త మాట కాదు. ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పని వరుస అన్నమాట. అయితే సాంచె మీద ప్రతి పడుగు పోగుకీ పన్నెలో దాని చోటు దానికి ఉంటుంది. కంప్యూటర్ పోగులకు అట్లా కాదు, అన్నీ ఒకే జ్ఞాపకంలో చేతులు పెడతాయి. చిక్కంతా అక్కడే.

తప్పు పట్టడానికి వాడేది డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి లోపల ఏముందో చూపిస్తుంది. మేము వాడింది జీడీబీ. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసినది, డబ్బులు పెట్టి కొనక్కర్లేదు. మామూలుగా అందులో ఒక పోగు ఆగితే అన్ని పోగులూ ఆగుతాయి. అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో వార్ప్ స్టాప్ మోషన్ ఉన్న సాంచెలు చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ప్రతి పోగు మీద సన్నటి లోహపు పట్టీ ఉంటుంది. పోగు తెగితే పట్టీ కిందికి జారుతుంది, సాంచె మొత్తం ఆగుతుంది.

పిల్లవాడు పేరు రాసే చోట ఆపు పెట్టాడు. ప్రోగ్రామ్ ఆగింది. ఒక్కో వరుసా ముందుకు నడిపిస్తుంటే తెర మీద ఉన్నట్టుండి వేరే పేరు వచ్చింది. "సార్, నేను చూస్తున్న పోగు ఒకటి, ఇది చూపిస్తున్నది ఇంకొకటి" అన్నాడు. కారణం ఏమిటంటే, మనం ఒక పోగును అడుగు వేయించినప్పుడు మిగతా పోగులు కూడా వదులవుతాయి. ఆ ఆపు అందరికీ వర్తిస్తుంది కాబట్టి రెండో పోగు వచ్చి దానికే తగులుకుంటుంది, డీబగ్గర్ దాని మీదికి దూకుతుంది. పైగా ఇట్లా ఆపి ఆపి నడిపిస్తే ఒక్క పేరూ పోలేదు! మనం ఆపడంతోనే పోగుల వేగాలు మారిపోయి తప్పు దాక్కుంటోంది.

ఇక్కడ నాకు 1986లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం టైలర్ పట్టణంలో జరిగింది గుర్తొచ్చింది. థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం రోగులకు ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు ఇచ్చింది, ప్రాణాలు పోయాయి. మొదట పరీక్షించిన ఇంజనీర్లకు తప్పేమీ దొరకలేదు. ఆపరేటరూ, ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్తా కూర్చుని అవే అక్షరాలు అదే వేగంతో కొట్టీ కొట్టీ చూస్తే అప్పుడు బయటపడింది. తప్పును మనం కోరినప్పుడు రప్పించగలిగితేనే అది మన చేతికి చిక్కినట్టు.

మా పనికి వస్తే, ముందు "ఇన్ఫో థ్రెడ్స్" అని కొట్టి ఎన్ని పోగులున్నాయో చూశాం. ఒకటో నంబరు అసలు ప్రోగ్రామ్, రెండు, మూడు పేర్లు కలిపేవి. "థ్రెడ్ అప్లై ఆల్ బీటీ" అంటే ఏ పోగు ఎక్కడ నిలబడి ఉందో అన్నిటిదీ చూపిస్తుంది. దేన్నీ ముట్టుకోకముందే ఇది చూడాలి. పోగు అతికేవాడు కూడా ముందు పడుగంతా ఒకసారి చూస్తాడు కదా. తరువాత ఆపును రెండో పోగుకు మాత్రమే కట్టాడు. ఆపు ఆజ్ఞ చివర "థ్రెడ్ 2" అని చేర్చితే చాలు. ఆ పైన "సెట్ షెడ్యూలర్-లాకింగ్ ఆన్" అన్నాడు. ఇక మనం ఎంచుకున్న పోగు ఒక్కటే కదులుతుంది, మిగతావి ఎక్కడివక్కడే.

రెండో పోగు ఖాళీ వరుస ఏదని చూసుకుంది: 41. పేరు రాయబోయే ముందు దాన్ని అక్కడే నిలిపాం. మూడో పోగును ఎంచుకుని నడిపిస్తే, అదీ చూసుకుంది: 41. పేరు రాసింది, లెక్కను 42 చేసింది. ఇప్పుడు రెండో పోగును వదిలాం. దాని చేతిలో పాత 41 ఉంది కదా, అదే వరుస మీద తన పేరు రాసేసింది. మా కళ్ల ముందే ఒక పేరు పోయింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ పోయింది. పిల్లవాడి మొహం చూడాలి, తప్పు దొరికినందుకు అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు!

మందు చిన్నదే. వరుస చూసుకోవడం, రాయడం, లెక్క పెంచడం ఈ మూడింటికీ కలిపి ఒక తాళం. దాన్ని మ్యూటెక్స్ అంటారు. ఒక పోగు లోపల ఉంటే ఇంకోటి బయట ఆగాలి. తాళం పెట్టి అదే పరీక్ష మళ్లీ చేశాం. రెండో పోగును లోపల నిలిపి మూడోదాన్ని నడిపిస్తే తెర బిగుసుకుపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. వాడు నవ్వి, "సార్, ఇది పాడు కాలేదు. తాళం రెండోదాని దగ్గరుంది, దాన్ని మనమే కదలనిస్తలేము. ఇట్లా ఆగితేనే తాళం పనిచేస్తున్నట్టు" అన్నాడు. కంట్రోల్-సీ కొట్టి చూస్తే మూడో పోగు నిజంగానే తాళం కోసం నిలబడి ఉంది. లాకింగ్ ఆఫ్ చేసి వదిలితే రెండూ పూర్తయ్యాయి, పేర్లన్నీ వచ్చాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది ఆ లాకింగ్ ఆన్‌లోనే మరచిపోయి, ప్రోగ్రామ్ చెడిందనుకుని గంటలు పోగొట్టుకుంటారట.

ఇంకొకటి చెప్పాడు. జీసీసీతో కంపైల్ చేసేటప్పుడు "ఎఫ్-శానిటైజ్ ఈక్వల్స్ థ్రెడ్" అనే ఎంపిక పెడితే, ఇట్లా రెండు పోగులు తాళం లేకుండా ఒకే చోట చెయ్యి పెట్టినప్పుడు నడుస్తుండగానే హెచ్చరిస్తుంది. ముందే వాడి ఉంటే ఆ తల్లి ఒక పూట కూలి పోగొట్టుకునేది కాదు. నిజానికి రెండు చిన్న ఫైళ్లు కలపడానికి రెండు పోగులు ఎందుకని నేను అడిగాను. "నేర్చుకుందామని పెట్టిన సార్" అన్నాడు. ఏమంటాం.

కొత్త జాబితా ఆఫీసు బయట బోర్డు మీద పెట్టాం. పేరు, తరగతి, తల్లి లేదా తండ్రి బీడీ కార్డు నంబరు మూడూ సరిచూసుకుని, తేడా ఉంటే ఫారాలు పంపే లోపు ఆఫీసులో చెప్పండి. చదవడం రానివాళ్లు పిల్లలను వెంట తెచ్చుకోండి, లేదా నన్నే అడగండి, చదివి చెబుతాను.