ఓట్స్‌లో రకాలు, పల్నాటి వంటింట్లో వాటి వాడకం

చిలకలూరిపేట దుకాణాల్లో స్టీల్ కట్, రోల్డ్, ఇన్‌స్టంట్ అనే పేర్లతో దొరికే ఓట్స్ వేరువేరు పంటలు కావు. చలి ప్రాంతాల్లో పండే ఒకే గింజను మిల్లులో ముక్కలుగా కోశారా, పలచగా నొక్కారా, ఎంతసేపు ఆవిరి పట్టారు అన్నదాన్ని బట్టి ఈ పేర్లు వచ్చాయి. వంటకు పోయవలసిన నీరూ, పట్టే సమయమూ దాన్ని బట్టే మారతాయి. ఉప్మాకు పనికిరాని రకం కొని, అది జావైపోయాక ఓట్స్‌నే తిట్టుకునేవారు తక్కువేమీ లేరు.

ముతక ధాన్యం పల్నాటికి కొత్త కాదు. శ్రీనాథుడి పేర చలామణిలో ఉన్న చాటువుల్లో సజ్జ, జొన్న కూళ్లు ఈ సీమకు గుర్తులుగా, అదీ వేళాకోళంగా, కనిపిస్తాయి. సన్నన్నానికి అలవాటుపడిన కవికి అవి రుచించకపోయినా వానను నమ్ముకున్న భూముల్లో జనానికి అవే ఆధారం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక కుడి కాలువ కింద వరి విస్తరించింది, 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది, క్రమంగా జొన్న సంగటి రోజువారీ తిండి కాకుండా పోయింది. మధుమేహ భయంతో ముతక ధాన్యం మళ్లీ ఇళ్లకు చేరుతున్న ఈ రోజుల్లో అది జొన్నగా కాక ఓట్స్‌గా రావడం కొంత విచిత్రమే.

సజ్జపిండిని మర పట్టించిన కొద్ది రోజులకే అది చేదెక్కుతుందని సజ్జరొట్టెలు చేసే ఇళ్లలో అందరికీ తెలుసు. గింజలోని కొవ్వును లైపేజ్ అనే ఎంజైము, అంటే రసాయనిక మార్పును వేగిరపరిచే ప్రోటీను, విడగొట్టడమే అందుకు మూలం. ఓట్స్‌లో కొవ్వు బియ్యంలో కన్నా చాలా ఎక్కువ కాబట్టి ఇదే చిక్కు వాటికీ ఉంది; అందుకే మిల్లులో పొట్టు తీసిన గింజకు ఆవిరి పట్టి, వేడితో ఆ ఎంజైమును పనిచేయకుండా చేస్తారు. పొట్లంలోని ఓట్స్ నిజానికి పూర్తిగా పచ్చివి కావని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

ఆవిరి పట్టిన గింజను ఉక్కు కత్తులతో రెండు మూడు ముక్కలుగా కోస్తే స్టీల్ కట్ ఓట్స్ అవుతాయి. చూపుకు జొన్నరవ్వలా ఉండే ఈ రకానికి కప్పుకు మూడు నాలుగు కప్పుల నీరు, సన్నని సెగ మీద దాదాపు అరగంట సమయం కావాలి. రాత్రి నానబెడితే ఆ సమయం బాగా తగ్గుతుంది. కుక్కర్‌లో వండేవారు ఒక జాగ్రత్త పాటించాలి: ఓట్స్ నురగ కట్టి పొంగుతాయి కనుక పాత్రను సగానికి మించి నింపితే ఆవిరి రంధ్రం పూడుకునే ప్రమాదం ఉంది.

గింజను మళ్లీ ఆవిరి పట్టి రోలర్ల మధ్య అటుకుల్లా నొక్కితే రోల్డ్ ఓట్స్ వస్తాయి. జావకు కప్పుకు రెండు కప్పుల నీరు, ఐదు నుంచి పది నిమిషాలు చాలు. ఉప్మాకు కూడా ఇదే సరైన రకం. అయితే ముందు వట్టి మూకుడులో కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, పోపు, ఉల్లిపాయ ముక్కలు మగ్గాక కప్పు ఓట్స్‌కు కప్పుకు మించకుండా నీరు పోసి, ఎక్కువ కలపకుండా మూత పెట్టాలి. గరిటె తిరిగే కొద్దీ జిగురు బయటికొచ్చి ముద్దవుతుంది. ఇంకా పలచగా నొక్కి, ముందే ఉడికించి ఆరబెట్టిన ఇన్‌స్టంట్ రకం రెండు మూడు నిమిషాల్లో మెత్తబడుతుంది, కాబట్టి జావకో, పొడి కొట్టి దోసెపిండిలో కలపడానికో తప్ప ఉప్మాకు పనికిరాదు. త్వరగా అరిగిపోవడం వల్ల రక్తంలో చక్కెరనూ ఇది త్వరగానే పెంచుతుంది. మసాలా కలిపిన పొట్లాల్లో ఉప్పు సంగతి సరేసరి.

ఆ జిగురే బీటా గ్లూకాన్, అంటే నీటిలో కరిగే పీచు. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకుంటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని పొట్లాల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతించింది. అందుకు సుమారు 75 గ్రాముల పొడి ఓట్స్ కావాలి. జొన్నలో ఈ పీచు అంత లేదు, కానీ గోధుమలోని గ్లూటెన్ పడనివారికి జొన్నే నిశ్చింత, ఎందుకంటే ఓట్స్‌లో పొలంలోనో మిల్లులోనో గోధుమ కలిసే అవకాశం ఉంటుంది.

స్టీల్ కట్ రకాన్ని పలచగా ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంజుకుంటే అది జొన్న అంబలికి దగ్గరగా వస్తుంది. చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది కనుక మజ్జిగ మాత్రం ముందు అనుకున్నదానికన్నా ఎక్కువే పడుతుంది.