మచ్చలు పోయినా మూత్రపరీక్ష మానొద్దు

ఇక్కడ జగదల్‌పూర్‌లో మా సహోద్యోగి కొడుక్కి జలుబు తగ్గిన పది రోజులకు కాళ్ళమీద ఎర్రమచ్చలు, కీళ్ళనొప్పులు, కడుపునొప్పి వచ్చాయి. బస్తర్‌లో ఒంటిమీద ఏం కనిపించినా ముందు దోమలనే అనుమానిస్తాం. డాక్టరు మాత్రం ఐజీఏ వాస్క్యులైటిస్ అన్నారు. అంటే సన్నటి రక్తనాళాల వాపు. చాలామంది పిల్లల్లో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది.

చిక్కంతా కిడ్నీలతోనే. అవి దెబ్బతిన్నా పిల్లలకు నొప్పి తెలియకపోవచ్చు. మూత్రంలో రక్తం, ప్రొటీన్ పోతుంటాయి. ప్రొటీన్ బాగా పోతే ఆ లోటు పూడ్చబోయి కాలేయం కొవ్వునూ ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. కొలెస్ట్రాల్ పెరిగేది అందుకు, నెయ్యి తిన్నందుకు కాదు. (ఇంట్లో ముందు దాచేది నెయ్యిగిన్నెనే!)

కిడ్నీ సమస్య మచ్చలు పోయాక కూడా బయటపడొచ్చు, సాధారణంగా 6 నెలల లోపు. అన్నాళ్ళూ డాక్టరు చెప్పినప్పుడల్లా మూత్రపరీక్ష, బీపీ చూపించాలి. ఈలోగా బదిలీ ఆర్డరు వస్తే రిపోర్టుల ఫైలు సామాన్ల లారీలో వేయకండి, చేతిసంచిలో పెట్టుకోండి.