ఆట ఇటుకలతో కంప్యూటరు పెట్టె

కంప్యూటరునకు పెట్టె యెందుకని యడిగినచో, దుమ్ము పడకుండుటకని పలువురు చెప్పుదురు. అది దాని పనులలో చిన్నది. లోపలి పలకను, డిస్కులను కదలకుండ పట్టియుంచుట, విద్యుత్తు ప్రవహించు భాగములను ఒండొంటికిని మన చేతికిని తగులనీయకుండుట, లోపల పుట్టిన వేడిమిని వెలుపలికి పోనిచ్చుట - ఈ మూడును పెట్టెకు ముఖ్యధర్మములు. వీనిని ఇనుపరేకు పెట్టెయే నెరవేర్పవలెనను నియమమేమియు లేదు. పిల్లలాడుకొను ప్లాస్టికు ఇటుకలును నెరవేర్పగలవు. కాని మూడింటిని సమానముగా నెరవేర్పజాలవు.

ఇది కేవలము బాలక్రీడ యని తలంపకుడు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1996వ సంవత్సరమున లారీ పేజ్, సెర్గే బ్రిన్ అను ఇద్దరు పరిశోధక విద్యార్థులు వెబ్ పుటలను వాని ప్రాముఖ్యమునుబట్టి వరుసపరచు పద్ధతి నొకదానిని పరీక్షించుచుండిరి. అందులకు విస్తారమైన నిలువచోటు కావలసివచ్చెను. వారు 4 గిగాబైట్ల డిస్కులు పదింటిని కూర్చి 40 గిగాబైట్లు సంపాదించిరి. వానిని నిలుపుటకు స్వల్పవ్యయముతో రంగురంగుల ఆట ఇటుకల పెట్టెను కట్టుకొనిరి. 1998లో గూగుల్ సంస్థగా వెలసినది ఆ పరిశోధనయే. ఆ పెట్టెను విశ్వవిద్యాలయమువారు భద్రపరచి ప్రదర్శనకుంచిరి. ఇంగ్లాండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున 2012లో ఆచార్య సైమన్ కాక్స్ బృందము 64 రాస్ప్‌బెర్రీ పై పలకలను జతపరచి, వాని అరలను లెగో ఇటుకలతోనే కట్టెను. అందు ఆచార్యుని ఆరేండ్ల కుమారుడును తోడ్పడెను!

ఈ ఇటుకలకు ఇంతటి యోగ్యత కొలతవలన కలిగినది. డెన్మార్కుదేశపు లెగో సంస్థ 1958లో హక్కుపత్రము కోరిన ఇటుకకు పైన బుడిపెలు, అడుగున గొట్టములు నుండును. ఒకదాని బుడిపెలు వేరొకదాని గొట్టముల నడుమ బిగిసి నిలుచును. బుడిపెకు బుడిపెకు నడుమ దూరము 8 మిల్లీమీటర్లు, ఇటుక యెత్తు 9.6 మిల్లీమీటర్లు. కావున కొలబద్ద లేకుండనే లెక్క కట్టవచ్చును. రాస్ప్‌బెర్రీ పై పలక 85 మిల్లీమీటర్ల పొడవు, 56 మిల్లీమీటర్ల వెడల్పు గలది. పొడవునకు 11 బుడిపెల చోటు విడిచిన 88 మిల్లీమీటర్లగును. వెడల్పు సరిగా 7 బుడిపెలే. అయినను 8 విడుచుట మేలు. ఇరుకున దూర్చిన పలక వంగును, వంగిన పలకలో సన్నని అతుకులు చిట్లును. తీగలు గ్రుచ్చు రంధ్రములకెదుట గోడను తెరచియుంచవలెను. జిగురు పూయరాదు. తప్పుగా వచ్చిన గోడను ఊడదీసి మరల కట్టుకొనుటయే ఈ ఇటుకల గొప్ప సౌకర్యము. జిగురు దానిని చెరచును.

ఇక వేడిమి మాట. ఈ ప్లాస్టికు విద్యుత్తును ప్రవహింపనీయదు. అది మనకు మేలు. వేడిమినిగూడ సులభముగా సాగనీయదు, అది కీడు. ఇనుపపెట్టె తన గోడలద్వారా కొంత వేడిమిని విడుచును, ఇటుకపెట్టె కంబళివలె దానిని దాచుకొనును. రాస్ప్‌బెర్రీ పై లోని ప్రధాన యంత్రము సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరినచో, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. పని మందగించినదని యంత్రమును నిందింతుము గాని గోడను తలంపము! వేడిగాలి పైకిపోవును గనుక అడుగువరుసలో కొన్ని సందులు, పైవరుసలో అంతకంటె కొంచెము పెద్ద సందులు విడువవలెను. ప్రక్కసందులు మాత్రమే చాలవు.

తల్లిదండ్రులొక సంగతి గమనింపవలెను. ఈ ప్లాస్టికు మంటతగిలిన కాలును, సుమారు 100 డిగ్రీలవద్ద మెత్తబడును. కావున గోడలోని 230 వోల్టుల విద్యుత్తును నేరుగా ఈ పెట్టెలోనికి తీసికొనిపోరాదు. దానిని 5 వోల్టులకు దించు అడాప్టరు వెలుపలనే యుండవలెను. పెద్ద కంప్యూటరులోని విద్యుత్ సరఫరా భాగమునకు తన యినుపకవచము తనకు కలదు. దానిని విప్పి ఇటుకలు పేర్చుట ప్రాణాపాయము.

కట్టుట ముగిసినపిమ్మట మూతలేకుండ ఒక గంట నడిపి, ఆ పలక తానే కొలిచి చూపు ఉష్ణమును వ్రాసికొనుడు. చల్లారనిచ్చి, మూతపెట్టి అదేపని మరియొక గంట చేయించుడు. రెండంకెలకు భేదము మిక్కుటమైనచో పైవరుసనుండి నాలుగిటుకలు తీసి మరల చూడుడు.