పుకారుకు కాళ్ళెక్కడివి?

ఇంట్లో ఒకరికి జలుబు చేస్తే నాలుగు రోజుల్లో ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. ఇందులో వింతేమీ లేదు. తుంపరలతోపాటు సూక్ష్మజీవులు గాలిలోకి వచ్చి పక్కవారిని చేరతాయి. మరి పుకారు సంగతో? దానికి కాళ్ళు లేవు, రెక్కలు లేవు. అయినా అదీ అంటువ్యాధిలాగే పాకుతుంది. ఎలాగో చూద్దామా?

1995 సెప్టెంబరు 21వ తేదీ. ఢిల్లీలోని ఒక గుడిలో వినాయకుడి విగ్రహం పాలు తాగుతోందని తెల్లవారేసరికి వార్త పుట్టింది. అదేరోజు దేశంలో ఎన్నో ఊళ్ళలో జనం పాలు పట్టుకుని గుళ్ళ ముందు బారులు తీరారు. ఆ వార్త ఇంగ్లండు దాకా వెళ్ళింది. అప్పటికి సెల్‌ఫోన్లు సామాన్యుల చేతుల్లోకి రానేలేదు!

మరి చెంచాలోని పాలు ఏమయ్యాయి? కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, సాంకేతిక విభాగం శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి పరీక్షించారు. నిండు చెంచాలో పాలు తలతన్యత వల్ల అంచుకంటే కాస్త పైకి ఉబ్బి ఉంటాయి. అవి రాతికి తగలగానే సన్నని పొరలా విగ్రహం మీదుగా కిందికి జారతాయి. తెల్లని పాలు కంటికి ఆనలేదు, రంగుపాలు ఆనాయి. అంతే!

ఇక ఆ వేగం ఎక్కడిది? ఒక లెక్క వేద్దాం. కబురు విన్న ప్రతివారూ అరగంటలో ఇద్దరు కొత్తవారికి చెప్పారనుకోండి. మొదటి అరగంటలో ఇద్దరు వింటారు. రెండో అరగంటలో నలుగురు, మూడో అరగంటలో 8 మంది. పదో అరగంటలో 1,024 మంది. ఇరవయ్యో అరగంటలో 10,48,576 మంది! అంటే పది గంటలు చాలన్నమాట.

అలాగైతే ప్రతి పుకారూ లోకమంతా నిండిపోవాలి కదా? నిండదు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు అంటువ్యాధులను లెక్కగట్టడానికి జనాన్ని మూడు గుంపులుగా విడదీశారు: వ్యాధి సోకనివారు, సోకినవారు, దాన్నుంచి బయటపడ్డవారు. 1964లో డేలీ, కెండాల్ అనే గణిత శాస్త్రజ్ఞులు పుకారుకూ ఇలాంటి లెక్కే కట్టారు: విననివారు, చెప్పేవారు, చెప్పడం మానేసినవారు. రోగికి కొన్నాళ్ళకు రోగం నయమవుతుంది. కబుర్లు మోసేవాడు మాత్రం "ఓస్, అది నాకెప్పుడో తెలుసు!" అని ఎదుటివాడు అన్నప్పుడు చల్లబడతాడు. వారి లెక్క ప్రకారం పుకారు ఎంత జోరుగా పాకినా నూటికి 20 మంది చెవిన పడకుండానే చచ్చిపోతుంది.

దీన్ని మీ తరగతిలోనే చూడవచ్చు. నలభైమంది ఉంటే అందరి పేర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. ఒకరు లేచి నిలబడాలి. అతడే మొదట చెప్పేవాడు. నిలబడ్డవారు వంతులవారీగా చీటీ తీసి, పేరు చూసి, మళ్ళీ డబ్బాలో వేయాలి. అది విననివారి పేరైతే వారూ లేచి నిలబడాలి. ముందే విన్నవారి పేరైతే చీటీ తీసినవారు కూర్చోవాలి. అందరూ కూర్చున్నాక ఒక్కసారైనా లేవనివారిని లెక్కపెట్టండి. ఒక్కోసారి ఆట మొదట్లోనే ఆగిపోవచ్చు. బాగా సాగితే ఎనిమిదికి అటూఇటూగా తేలుతారు.

ఇప్పుడు ఒక్క మార్పు చేయండి. కొత్తగా విన్నవారు లేచేముందు నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే "ఇది నిజమేనా? ఎవరు చూశారు?" అని అడిగినట్టు లెక్క. వారు విన్నవారే గాని ఎవరికీ చెప్పరు, లేవరు. ఈసారి అసలు విననివారు ఎనిమిదికి బదులు పదిహేడు దాకా ఉంటారు. సగంమంది ప్రశ్నిస్తే చాలు, పుకారు బారిన పడనివారు రెట్టింపవుతారు!

ఇది ఉత్త ఆట కాదు. 2018లో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకారు పాకింది. ఎన్నో రాష్ట్రాల్లో, మన తెలుగునాట కూడా, జనం అమాయకులను కొట్టి చంపారు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది.

సూక్ష్మజీవి మన అనుమతి అడగదు. పుకారు అలా కాదు. మనం నోరు విప్పితేనే, వేలు కదిపితేనే అది ముందుకు సాగుతుంది. దాని కాళ్ళు మనమే. ఆట ఆడి, రెండుసార్లూ ఎంతమంది మిగిలారో నోటుపుస్తకంలో రాసుకోండి.