మేలు జరిగిందని తెలిసేదెలా? – నేరశాస్త్రంలో పరిశోధన

'నేరపరిశోధన' అన్న మాట వినగానే మన తరంవారికి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ గుర్తుకు వస్తాడు. మన పిల్లలకు టెలివిజన్ ధారావాహికలలో సూక్ష్మదర్శినిలోకి తొంగిచూచే నిపుణులు గుర్తుకు వస్తారు. అందుచేత అమ్మాయో అబ్బాయో క్రిమినాలజీలో పిహెచ్.డి. చేస్తానన్నప్పుడు తల్లిదండ్రులు తుపాకులనూ, శవపరీక్షలనూ ఊహించుకొని కలవరపడటం సహజమే. హంతకుని పట్టుకొనడం పోలీసుల పని. రక్తపు మరకను పరీక్షించడం ఫోరెన్సిక్ శాస్త్రజ్ఞుల పని. నేరం ఎందుకు జరుగుతోంది, ఎక్కడ జరుగుతోంది, దానిని తగ్గించడానికి సమాజం చేసే ప్రయత్నాలు ఫలిస్తున్నాయా అన్నవి నేరశాస్త్రజ్ఞుని ప్రశ్నలు. వీటిలో మూడవది ఎంత కఠినమైనదో తెలియాలంటే ఒక పాత ప్రయోగం గురించి చెప్పుకోవాలి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వైద్యుడు రిచర్డ్ క్లార్క్ క్యాబట్ 1930వ దశకంలో, బోస్టన్‌కు ఆనుకొని ఉన్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాలలో ఒక బృహత్కార్యానికి పూనుకొన్నారు. బాలురకు చిన్ననాడే ఒక పెద్దదిక్కును కల్పిస్తే వారు నేరాల జోలికి పోరని ఆయన విశ్వాసం. వయస్సు, కుటుంబ స్థితిగతులు, స్వభావం మొదలైన వాటిలో పోలిక ఉన్న బాలురను జంటలుగా కూర్చారు. ప్రతి జంటలోనూ సహాయం ఎవరికి అందాలో నాణెం ఎగురవేసి నిర్ణయించారు. ప్రయోగం మొదలైన 1939లోనే క్యాబట్ కన్నుమూసినా, పని 1945 వరకు సాగింది. సలహాదారులు సగటున నెలకు రెండుసార్లు ఆ పిల్లల ఇండ్లకు వెళ్ళేవారు; చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపించారు.

ముప్పై సంవత్సరాల పిదప జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ 506 మందిని, అంటే సహాయం పొందిన 253 మందినీ, పొందని 253 మందినీ, మళ్ళీ వెదకడం ప్రారంభించారు. న్యాయస్థానాల దస్త్రాలు, ఆసుపత్రుల చిట్టాలు, మరణాల నమోదు పుస్తకాలు గాలించారు. సహాయం పొంది, ఆమె ప్రశ్నలకు జవాబిచ్చినవారిలో మూడింట రెండు వంతులమంది అది తమకు మేలు చేసిందనే అన్నారు. దస్త్రాలు మాత్రం ఇంకొకటి చెప్పాయి. ఒకసారి నేరం చేసి మళ్ళీ చేయడం, మద్యవ్యసనం, తీవ్రమైన మానసిక వ్యాధి, అకాలమరణం – ఇవన్నీ సహాయం పొందినవారిలోనే ఎక్కువగా కనిపించాయి! 1978లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు సాంఘిక సేవారంగంలోనివారు చాలామంది జీర్ణించుకోలేకపోయారు. తరువాత జరిపిన విశ్లేషణలో, వేసవి శిబిరాలకు ఒకటి కంటె ఎక్కువసార్లు వెళ్ళినవారికే అధికంగా నష్టం జరిగినట్లు తేలింది. దుడుకు పిల్లలను ఒకచోట చేర్చితే ఒకరి దుడుకుతనం మరొకరికి అంటుకొంటుందన్నది ఆమె ఊహ. నాణెం ఎగురవేసి విడదీసిన రెండవ వర్గమే లేకపోయినట్లయితే, లబ్ధిదారుల మంచిమాటలను మాత్రమే విని ఆ కార్యక్రమాన్ని ఊరూరా ప్రవేశపెట్టి ఉండేవారు. మెకార్డ్ అమెరికన్ నేరశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలైన తొలి మహిళ.

ఇటువంటి పనికి విద్యార్థిని సిద్ధపరచడమే డాక్టరేట్ శిక్షణ. అమెరికాలో ఆల్బనీ, మేరీలాండ్, రట్గర్స్ మొదలైన విశ్వవిద్యాలయాలలో దీనికి పేరుపొందిన శాఖలున్నాయి. మొదటి రెండేళ్ళు సిద్ధాంతాలు, సంఖ్యాశాస్త్రం. ఆపైన సమగ్ర పరీక్ష. తరువాత పరిశోధనా ప్రణాళిక, సిద్ధాంత వ్యాసం. మొత్తం అయిదారేళ్ళ వ్యవహారం. బ్రిటన్‌లో, 1959లో కేంబ్రిడ్జ్‌లో నెలకొల్పిన నేరశాస్త్ర సంస్థ వంటి చోట్ల, ఎం.ఫిల్. పూర్తిచేసినవారు నేరుగా సిద్ధాంత వ్యాసంలోకి దిగుతారు.

ఈ విద్యలో మొదట నేర్వవలసినది లెక్కలను అనుమానించడం. అమెరికాలో ఎఫ్.బి.ఐ. 1930 నుండి పోలీసు లెక్కలను సేకరిస్తున్నది. 1973 నుండి ప్రభుత్వం ఇంటింటికీ మనిషిని పంపి, మీరు నేరానికి గురి అయ్యారా అని కూడా అడిగిస్తున్నది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, హింసాత్మక నేరాలలో దాదాపు సగం పోలీసుల దాకా రావడమే లేదని తెలుస్తుంది. పోలీసు లెక్కలో నేరం ఎంత ఉన్నదో, నిఘా ఎంత ఉన్నదో విడదీయడం తేలిక కాదు.

తెలుగునాట దీనికి బాధాకరమైన ఉదాహరణ ఉన్నది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచింది. తరువాతి కాలంలో ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి విస్తరించినప్పుడు, ఎరుకలవారిని తెచ్చి ఉంచిన స్థావరాలలో ఒకటి బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం. హాజరు చెప్పాలి; అనుమతి లేనిదే పొలిమేర దాటరాదు. నిఘా పెరిగినచోట పట్టుబడేవారూ పెరుగుతారు గదా! ఆ లెక్కే మళ్ళీ వారి రక్తంలో నేరమున్నదనడానికి సాక్ష్యం. చట్టం 1952లో రద్దయినా మన సినిమాలు ఆ ఊరిని ఇంకా విడిచిపెట్టలేదు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ పాలనా విధానాన్ని పరిశోధించి 2001లో గ్రంథం వెలువరించారు. తెలుగు చదవగలిగిన విద్యార్థికి అక్కడ చేయవలసిన పని ఇంకా ఉన్నదని నా నమ్మకం.

ఖైదీలతో మాట్లాడాలంటే మాత్రం నిరీక్షించక తప్పదు. 1978 నాటి అమెరికా నిబంధనల ప్రకారం, అటువంటి పరిశోధనను అనుమతించే సంఘంలో ఒక ఖైదీయో, ఖైదీల ప్రతినిధియో సభ్యుడుగా ఉండాలి. పరిశోధనలో పాల్గొన్నందుకు పెరోల్ విషయంలో ఏ లాభమూ ఉండదని ఖైదీకి ముందే స్పష్టంగా చెప్పాలి. ఈ అనుమతికి నెలలు పట్టినా విసుగుకొనరాదు. జైలులో 'సరే' అన్న మాటకు బయట ఉన్నంత స్వేచ్ఛ ఉండదు.

ఖర్చు విషయానికి వస్తే, అమెరికాలో మాస్టర్స్‌కు సాధారణంగా మన డబ్బే పెట్టుకోవాలి. డాక్టరేట్‌లో సహాయకునిగా చేరినవారికి చాలా చోట్ల రుసుము మాఫీ, చిన్న భృతి లభిస్తాయి. ఆపైన అధ్యాపకత్వమో, రాష్ట్రాల జైళ్ళ శాఖలలో పరిశోధక పదవులో ఉంటాయి. ఫెడరల్ ఉద్యోగాలకు మాత్రం సాధారణంగా పౌరసత్వం కావాలి. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చి చూసుకొనే ఇంటికి ఈ దారి రుచించదు.

ఉత్సాహమున్న పిల్లలు దరఖాస్తుకు ముందే ఒక పని చేయవచ్చు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1978లో ఏర్పడిన నేరన్యాయ గణాంక భాండాగారంలో అనేక సర్వేల దత్తాంశాలు ఉచితంగా లభిస్తాయి. ఒక ప్రశ్న ఎన్నుకొని, ఒక వేసవి ఆ అంకెలతో గడిపితే, అయిదారేళ్ళు ఈ పనిలో కూర్చొనగలరో లేదో వారికే బోధపడుతుంది.