కలివి కోడి జాడలు: పెన్నా పరీవాహకంలో ఒక అరుదైన పక్షి విస్తృతి

గోరంట్ల: పెన్నాకు ఉపనది అయిన చిత్రావతి తీరాన గల గోరంట్ల పరిసరాలలోను, వర్షాభావానికి పేరుపడిన అనంతపురం పీఠభూమిలోను కనిపించే ముళ్లపొదల మెట్టలు సాధారణంగా బంజరు భూములుగానే పరిగణింపబడుతున్నాయి. అయితే ప్రపంచంలో అత్యంత అరుదైన పక్షులలో ఒకటైన కలివి కోడికి ఇటువంటి పొదలే ఆవాసం. 1900లో ఈ పక్షి అనంతపురం సమీపంలో కనిపించినట్లు నమోదైంది. ఆ తరువాత 86 సంవత్సరాల పాటు దాని జాడ తెలియలేదు.

తూర్పు ఇండియా కంపెనీలో వైద్యునిగా పనిచేసిన థామస్ జెర్డాన్ ఈ పక్షిని వెలుగులోకి తీసుకురాగా, 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనిని శాస్త్రీయంగా వర్ణించారు. అందువలన ఆంగ్లంలో దీనిని జెర్డాన్స్ కోర్సర్ అని వ్యవహరిస్తారు. 19వ శతాబ్దంలో గోదావరి లోయలోని సిరొంచ, భద్రాచలం ప్రాంతాలలోను, పెన్నా లోయలోని నెల్లూరు, కడప ప్రాంతాలలోను ఇది నమోదైంది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద స్థానికుల సహకారంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దీనిని తిరిగి కనుగొన్నారు. దీని పరిరక్షణకు శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పాటైంది. అనంతరం ఆవాసాన్ని కాపాడేందుకు తెలుగుగంగ కాలువ మార్గాన్ని సైతం మార్చడం గమనార్హం.

సుమారు 27 సెంటీమీటర్ల పొడవుండే ఈ పక్షికి రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టీలు, గొంతుపై నారింజరంగు మచ్చ ఉంటాయి. పగలు పొదల నీడన కదలక ఉండి, రాత్రివేళ ఆహారానికి సంచరిస్తుంది. తుమ్మ, రేగు, కలివి పొదలు మరీ దట్టంగా గాక, నడుమ ఖాళీ నేల ఉన్న చోట్లనే ఇది నివసిస్తుంది. పొదలను పూర్తిగా నరికి సాగుకు తెచ్చినా, అవి మితిమీరి దట్టమైనా ఆ చోటు దీనికి పనికిరాదు.

కంటికి చిక్కని పక్షి కావడం వలన పరిశోధకులు పరోక్ష పద్ధతులను అనుసరించారు. మెత్తని మట్టి పరచిన బాటలపై కాలిముద్రలను పరిశీలించడం, స్వయంచాలక కెమెరాలను అమర్చడం, సూర్యాస్తమయం తరువాత కొద్దిసేపు మాత్రమే వినిపించే కూతను రికార్డు చేయడం వీటిలో ముఖ్యమైనవి. ఒక చోట పక్షి కనిపించలేదన్నంత మాత్రాన అది అక్కడ లేదని నిర్ధారించడానికి వీలులేదు. విస్తృతిని చూపే పటం పక్షి ఉన్న చోట్లను గాక, మనుషులు వెదకిన చోట్లనే ఎక్కువగా సూచిస్తుంది.

ఇందుకు ఒక నిదర్శనం ఉంది. కోలార్ బంగారు గనులలో పశువైద్యునిగా పనిచేసిన ఒక వ్యక్తి సేకరించిన గుడ్డు స్కాట్లాండులోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో చాలాకాలం భద్రపరచబడి ఉంది. అది కలివి కోడి గుడ్డేనని డి.ఎన్.ఏ. పరీక్షలు నిర్ధారించగా, ఆ వివరాలు 2013లో వెల్లడయ్యాయి. కోలార్ ప్రాంతం అనంతపురం పీఠభూమికి దక్షిణాన, అంత దూరం కాని చోటనే ఉంది. దీనితో ఒకప్పటి విస్తృతిపై కొత్త ఆలోచనలకు అవకాశం కలిగింది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ పక్షిని తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా వర్గీకరించింది. 2000 దశకం తరువాత దశాబ్దానికి పైగా ధ్రువపడిన జాడలు కరవైన దశలో, 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు రాష్ట్రంలో దీని కూతను తిరిగి రికార్డు చేశారు.

ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న గోరంట్ల వంటి మండలాలలో కలివి కోడి ఉన్నదని చెప్పడానికి ఆధారాలు లేవు. అయినప్పటికీ పొదల భూములను ఇతర అవసరాలకు కేటాయించే ముందు రాత్రివేళ సర్వే జరిపించడం సముచితం. అనుమానం కలిగిన సందర్భాలలో పక్షిని పట్టుకొనకుండా, స్థలం, సమయం, కూత వివరాలను అటవీ అధికారులకు తెలియజేయాలి. 1986లో పట్టుబడిన పక్షి కొద్ది రోజులకే మరణించిన విషయం ఇక్కడ మరువరాదు. పాత్రికేయులు సైతం కచ్చితమైన స్థలాన్ని ప్రచురించకుండా ఉండడం పక్షి క్షేమానికి తోడ్పడుతుంది.